చివర 'అ' వచ్చే పేర్లు: విప్పి చూసి పెట్టడం ఎలా

ఇంగ్లీషులో ఆర్, ఎ, ఎమ్, ఎ అని రాసి ఇస్తే ఒకరు రమ అని చదువుతారు, ఇంకొకరు రామ అంటారు. ఒకటి లక్ష్మీదేవి పేరు, ఇంకొకటి దశరథుడి పెద్దకొడుకు పేరు. కె, ఎ, ఎల్, ఎ రాస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది: కల కావచ్చు, కళ కావచ్చు, కాల కావచ్చు. పిల్లల పేర్ల జాబితాలు మాత్రం చివర 'ఎ' ఉన్నవన్నీ ఒకే గంపలో పోసి, పక్కన 'దేవత', 'అందమైనది', 'వెలుగు' అని రాసేసి ఊరుకుంటాయి.

నిజానికి ఆ చివరి అకారం చెప్పేది చాలా తక్కువ. పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది దానికి ముందున్న హల్లు: జ, ద, త, క, న, య. వెనక నుంచి విప్పుకుంటూ వస్తే మన పేర్లలో చాలావాటి అర్థం పది నిమిషాల్లో తేలిపోతుంది. తేలని పేరు ఏదో కూడా తెలిసిపోతుంది.

దీర్ఘం ఎక్కడికి పోయింది

సీత, లత, గంగ, రమ సంస్కృతంలో సీతా, లతా, గంగా, రమా. స్త్రీలింగాన్ని తెలిపే ఆ దీర్ఘం తెలుగులోకి వచ్చేసరికి హ్రస్వం అవుతుంది. గౌరీ కూడా ఇలాగే గౌరి అయింది. పోయిన దీర్ఘం పిలిచేటప్పుడు తిరిగి వస్తుంది: "లతా, ఇలా రా!" రాసేటప్పుడు లత, లతకు, లతతో. బర్త్ సర్టిఫికెట్ తెలుగు గడిలో 'లతా' అని రాయిస్తే అది హిందీ రాత అవుతుంది. తప్పని కాదు, కానీ ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. స్కూల్లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే తర్వాత తలనొప్పి.

ఆడపిల్ల పేరు 'ఆ'తో ముగియాలన్న మాట పాతదే. ఇంట్లో చేసే కర్మల విధులు చెప్పే పారస్కర గృహ్యసూత్రం ఆడపిల్ల పేరుకు అక్షరాలు బేసి సంఖ్యలో ఉండాలని, చివర ఆకారం రావాలని చెబుతుంది. మనుస్మృతి సులువుగా పలికేదిగా, కటువుగా లేకుండా, అర్థం స్పష్టంగా ఉండి దీర్ఘంతో ముగిసే పేరు పెట్టమంటుంది. లలిత, కమల, శారద ఈ లెక్కకు సరిపోతాయి. సీత మాత్రం రెండక్షరాలే కాబట్టి బేసి నియమం దగ్గరే తప్పిపోతుంది. అదే మనుస్మృతి నక్షత్రం పేరు, చెట్టు పేరు, నది పేరు ఉన్న పిల్లను పెళ్లాడవద్దని కూడా అంటుంది. గంగలు, యమునలు, రోహిణులు ఊరూరా ఉన్న దేశంలో ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదని తెలుస్తూనే ఉంది.

మగపిల్లల పేర్లలో సంగతి వేరు. సంస్కృతంలో అకారాంత పుంలింగం తెలుగులో 'డు' తెచ్చుకుంటుంది: రాముడు, సూర్యుడు, ఆదిత్యుడు. ఇప్పుడు ఆ 'డు' వదిలేసి సూర్య, ఆదిత్య, హర్ష, రాఘవ అని పెడుతున్నాం. హిందీ ప్రాంతంలో చివరి అకారం నోట్లోనే మింగేస్తారు కాబట్టి రాఘవ అక్కడ రాఘవ్. ఇంగ్లీషులో చివర 'ఎ' చూసిన విదేశీయులు హర్షను అమ్మాయి అనుకోవడం మామూలే. అబ్బాయికి ఇలాంటి పేరు పెట్టి విదేశంలో పెంచాలనుకుంటే ఈ పొరపాటు ఎప్పుడూ ఎదురవుతూనే ఉంటుందని తెలుసుకుని పెట్టండి.

మూడో రకం నపుంసకలింగ పదాల నుంచి, తెలుగులో 'ము' వచ్చే పదాల నుంచి పుట్టినవి. కావ్యం, స్నేహం, లావణ్యం, సహస్రం. చివరి సున్న తీసేస్తే కావ్య, స్నేహ, లావణ్య, సహస్ర. ఇవి వాడుకలో స్థిరపడిన పేర్లే, వీటిలో దోషం వెతకనక్కర్లేదు. అయితే సహస్ర అంటే ఏ దేవతా కాదు, వెయ్యి అనే సంఖ్య. లలితా సహస్రనామం గుర్తుకొచ్చి దానికి దేవతార్థం అంటుకుంది. లావణ్యానికి మూలం లవణం, అంటే ఉప్పు. వంటకు ఉప్పు ఎలాగో రూపానికి లావణ్యం అలాగ అన్న ఊహ అందులో ఉంది. పేర్ల జాబితాలు 'అందం' అని రాసి వదిలేస్తాయి గానీ అసలు రుచి ఇక్కడుంది.

వెనక నుంచి విప్పడం

పేరును కాగితం మీద తెలుగులో రాయండి. చివరి అక్షరాన్ని, అవసరమైతే చివరి రెండు అక్షరాలను విడదీయండి. మిగిలిన ముక్క నిఘంటువులో దొరకాలి. దొరకకపోతే విడదీసిన చోటు తప్పు, లేదా ఆ పేరు ఈమధ్య ఎవరో అల్లినది.

'జ' అంటే పుట్టినది. గిరిజ, శైలజ రెండూ కొండకు పుట్టినది, పార్వతి. జలజ, నీరజ, వనజ, సరోజ, పంకజ తామరపువ్వు పేర్లు: మొదటి నాలుగింటిలో ముందున్నది నీరు లేదా చెరువు (వనమంటే అడవే కాదు, నీరు కూడా), చివరిదానిలో బురద. ఆత్మజ, తనూజ అంటే కూతురు. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు అనుజ. 'అను' అంటే తర్వాత, అనుజ అంటే తర్వాత పుట్టినది, చెల్లెలు. వినడానికి బాగుందని మొదటి బిడ్డకు పెట్టేస్తారు. అక్కో అన్నో ఉన్న పిల్లకైతే అది చక్కటి పేరు. ఈ 'జ' చేర్చడం సులువు కాబట్టి కొత్త పేర్లు ఎక్కువగా తయారయ్యేదీ దీనితోనే. ముందు ముక్కకు అర్థం లేకపోతే 'జ' దాన్ని కాపాడలేదు.

'ద' అంటే ఇచ్చేది. యశోద యశస్సును, నర్మద సంతోషాన్ని, వరద వరాన్ని ఇచ్చేది. తెలుగులో వరద అంటే ఏటి పోటు కూడా, గోదావరి లంకల్లో ఆ పేరు వినగానే ముందు నీళ్లే గుర్తుకొస్తాయి. శారద ఈ వరుసలోది కాదు. శరత్‌కు చెందినది శారద. 'శార'ను ఇచ్చేది అని విడగొడితే ఏమీ రాదు.

'త' దగ్గర నిదానించాలి, ఎందుకంటే ఒకే అక్షరం కింద మూడు రకాలున్నాయి.

మొదటిది భావాన్ని చెప్పే 'త', తెలుగులో 'తనం' లాంటిది. కవి నుంచి కవిత, నమ్ర నుంచి నమ్రత, సమ నుంచి సమత. మమ అంటే నాది, మమత అంటే నాదనుకోవడం. రెండోది జరిగిపోయిన పనిని చెప్పే 'త': అర్చిత అంటే పూజలందుకున్నది, హర్షిత సంతోషించినది, అజిత జయింపబడనిది, అమిత కొలవలేనిది, సుజాత మంచిగా పుట్టినది. ఈ రెండో గుంపులో రెండు పేర్లను ఆగి చూడాలి. పరిణీత అంటే పెళ్లయిన స్త్రీ. ఊయలలో ఉన్న పిల్లకు ఆ పేరు పెట్టి 'ప్రేమమయి' అని అర్థం చెప్పుకుంటున్నారు. అన్విత అంటే కూడినది, కలిసి ఉన్నది. గుణాన్విత అంటే గుణాలతో కూడినది. ఒంటరిగా అన్విత అంటే దేనితో కూడినదో చెప్పకుండా వదిలేసినట్టు. పలకడానికి బాగుంటుంది, అంతవరకే.

మూడోది సవిత. నేత, దాత, విధాత వరుసలోని మాట ఇది. సవితృ శబ్దం, అర్థం సూర్యుడు, లింగం పుంలింగం. కవిత పక్కన ప్రాసకు సరిపోతుంది కాబట్టి ఆడపిల్లల పేరైంది, అలాగే నిలిచిపోయింది. పెట్టవద్దని కాదు, గాయత్రీ మంత్రంలోని దేవుడి పేరు కనుక కొందరు తెలిసే పెడతారు.

'ఇక' చిన్నదనాన్ని, ముద్దును, లేదా సంబంధాన్ని చెబుతుంది. లత చిన్నదైతే లతిక, దీపం చిన్నదైతే దీపిక. రాధను ముద్దుగా రాధిక అంటాం. మాళవ దేశపు అమ్మాయి మాళవిక, వెన్నెల చంద్రిక. అనామిక అంటే పేరు లేనిది, ఉంగరపు వేలికి ఆ పేరే. పేరు లేదని చెప్పే పేరు పెట్టడంలో ఒక కొంటెతనం ఉంది. ఇష్టమైతే తెలిసి పెట్టుకోవచ్చు. నీహారం అంటే మంచు, దాని నుంచి నీహారిక. మొదటి అక్షరం దీర్ఘం. నిహారిక అని హ్రస్వంతో రాయడం ఎంత అలవాటైపోయిందంటే సరిగా రాసినవాళ్లనే దిద్దమంటారు.

'న' చాలావరకు చేసే పనికి పేరు: అర్చన, వందన, భావన, సాధన, కల్పన, ప్రార్థన. అదే మూసలో వేదన, యాతన కూడా ఉన్నాయి. 'వేదాలకు సంబంధించినది' అని ఎవరైనా వేదనను సూచిస్తే నమ్మకండి. అది నొప్పి.

'య' గుంపులో ఎక్కువభాగం 'తగినది' అన్న అర్థం ఇస్తాయి: రమ్య, పూజ్య, ఆరాధ్య, శ్రావ్య. శ్రావ్య అంటే వినదగినది, వినసొంపైనది. వంద్య అంటే నమస్కరించదగినది. అందులో ద కింద ఒత్తు మారి వంధ్య అయితే గొడ్రాలు అని అర్థం. ఇంగ్లీషు రాతలో 'డి' తర్వాత ఒక 'హెచ్' ఎక్కువైతే చాలు, కంప్యూటర్ దాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు ఈ ప్రమాదం జరుగుతుంది. ఈ పేరు పెట్టేవాళ్లు ప్రతి కాగితం మీదా ఆ అక్షరం సరిచూసుకోవాలి.

ఇలా విప్పడానికి లొంగనివి పురాణాల పేర్లు. వాటి అర్థాలు విడిగా తెలుసుకోవాలి. సీత అంటే నాగటి చాలు. అహల్య అంటే నాగలి తగలని నేల. అనసూయలో అసూయ లేదు. అపర్ణ అంటే ఆకు కూడా ముట్టనిది, తపస్సులో పార్వతి ఎండుటాకులు తినడం సైతం మానేసినందుకు వచ్చిన పేరు. 'ఉ, మా' అంటే అమ్మాయీ వద్దు అని తల్లి తపస్సును వారించిందట, అందుకు ఉమ. ఊర్మిళలో ఊర్మి అంటే అల. రాధ అనేది విశాఖ నక్షత్రానికి మరో పేరు, దాని తర్వాత వచ్చే నక్షత్రం కనుక అనూరాధ. అక్కాచెల్లెళ్లకు రాధ, అనూరాధ అని పెట్టినవాళ్లకు ఆకాశంలో వరుస తెలిసో తెలియకో సరిగ్గా కుదిరింది.

దేవతల పేర్లే కావాలంటే జాబితాలకంటే అమరకోశం అనే పాత సంస్కృత పర్యాయపద నిఘంటువు నమ్మదగినది. లక్ష్మి పేర్లలో పద్మ, కమల, ఇందిర, రమ, హరిప్రియ, పద్మాలయ ఉన్నాయి. పార్వతి పేర్లలో ఉమ, దుర్గ, అపర్ణ, అంబిక, సర్వమంగళ ఉన్నాయి. శివ కూడా ఉంది, స్త్రీలింగంలో. విడి మాటలకు శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ నిఘంటువు చూడండి. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో తెలుగు నిఘంటువులను కలిపి వెతకొచ్చు. సంస్కృతానికి మోనియర్ విలియమ్స్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రెండు నిఘంటువుల్లో లేని అర్థాన్ని ఒక్క పేర్ల సైట్ మాత్రమే చెబుతోందంటే ఆ అర్థం ఆ సైట్ వాళ్లు రాసుకున్నదే అయ్యుంటుంది.

సంస్కృతం కానివి

అచ్చ తెలుగులో 'అ'తో ముగిసే పేర్లు తక్కువేం కాదు. వెన్నెల, కలువ, తామర, నెలవంక, మొల్ల. వెన్నెలలో నెల అంటే చందమామ, ముందున్నది తెలుపు. మొల్ల ఒక రకం మల్లె, రామాయణం రాసిన కవయిత్రి పేరు కూడా. అమ్మ, అక్క చేరిన పేర్లూ 'అ'తోనే ముగుస్తాయి: ఎల్లమ్మ, పోచమ్మ, మేడారం సమ్మక్క, తాళ్లపాక తిమ్మక్క. కాకతీయుల కాలంలో ఆ అమ్మ కురచై రుద్రమ, మైలమ అని వినిపించేది. రుద్రమ ఇప్పటికీ దర్జాగా పెట్టుకోగల పేరు. మైలమ పెట్టలేం, ఈనాటి తెలుగులో మైల అంటే వేరే అర్థం. శాసనాల్లో దొరికిన పేరల్లా ఇవాళ పనికిరాదు.

అరబ్బీ పేర్ల చివరి 'ఆ' కూడా చాలావరకు స్త్రీలింగ గుర్తే. అమీన్ నుంచి అమీనా, కరీం నుంచి కరీమా, జమీల్ నుంచి జమీలా. ఆ అక్షరాన్ని తా మర్బూతా అంటారు. ఇంగ్లీషులో కొందరు దాన్ని చూపడానికి చివర 'హెచ్' చేరుస్తారు. ఆయేషా అంటే జీవించేది, నజ్మా నక్షత్రం, ఆలియా ఉన్నతమైనది. ఫర్జానా మాత్రం ఫారసీ, అర్థం తెలివైనది. తెలుగులో రాసేటప్పుడు ఈ పేర్లకు చివర దీర్ఘం ఉంచాలి. ఫాతిమాను ఫాతిమ అని కురచ చేస్తే పలుకుబడే మారిపోతుంది.

బైబిలు పేర్లకు మూలాలు హెబ్రీ, అరామిక్, గ్రీకు. తెలుగు బైబిల్లో వాటి రూపం స్థిరపడి ఉంది కాబట్టి ముందు అది చూడాలి: మరియ, మార్త, హన్నా, శారా, దెబోరా, తబితా, సూసన్న. హన్నా అంటే దయ, శారా అంటే రాజకుమారి, దెబోరా తేనెటీగ, తబితా జింక, మార్త అంటే ఇంటి యజమానురాలు. లూకా సువార్తలోని ప్రవక్త్రి పేరు తెలుగులో 'అన్న' అయి కూర్చుంది. పిల్లను అన్నా అని పిలిస్తే వీధంతా తిరిగి చూస్తుంది కనుక తెలుగు క్రైస్తవ కుటుంబాలు అన్నమ్మ అనో హన్నా అనో పెట్టుకోవడం తెలివైన పని.

రెండు మూలాలున్న పేర్లతో జాగ్రత్త. సమీర సంస్కృతంలో గాలి, అదీ పుంలింగం. అరబ్బీ సమీరా రాత్రి కబుర్లకు తోడైనది. మీనా సంస్కృతం నుంచి అయితే చేప, ఫారసీ నుంచి అయితే రంగుల గాజుపని. లీల వేరు, రాత్రి అని అర్థమున్న లైలా వేరు. ఎవరైనా అర్థం అడిగితే మీరు ఏ మూలం నుంచి తీసుకున్నారో అదే చెప్పాలి, రెండూ కలిపి కాదు. విదేశాల్లో తేలిగ్గా పలుకుతారని అన్య అని పెట్టేవాళ్లున్నారు. రష్యాలో అది అన్నాకు ముద్దుపేరు. మనకు అన్య అంటే పరాయిది. ఒక్క అక్షరం చేర్చి అనన్య అంటే సాటిలేనిది అవుతుంది.

తెలుగు చెవికి పరీక్ష

సంస్కృతంలో అర్థం బాగున్నా తెలుగింట్లో ఆ మాట వేరేలా వినపడొచ్చు. ఇంట్లోని పెద్దవాళ్లకు పేరు ఒకసారి వినిపించండి, అర్థం చెప్పకుండా. వాళ్ల ముఖంలో ముందు కనిపించేదే ఊళ్లోవాళ్ల ముఖాల్లోనూ కనిపిస్తుంది.

మాయ అంటే వేదాంతంలో గొప్ప మాట, బుద్ధుడి తల్లి పేరు. పురుడు పోసిన అమ్మమ్మకు మాయ అంటే బిడ్డ తర్వాత పడేది. అలక కుబేరుడి పట్టణం, తెలుగులో అలగడం. సుర అంటే దేవతలకు సంబంధించినదనుకుంటారు, స్త్రీలింగంలో అది కల్లు, సారా వంటి మత్తు పానీయం. జ్యేష్ఠ నక్షత్రం పేరే అయినా తెలుగులో జ్యేష్ఠాదేవి అంటే దరిద్రదేవత. స్వధ పితృకార్యాల్లో పలికే మాట. మేధ అంటే తెలివి, మేధం అంటే యజ్ఞం, అశ్వమేధంలోనిది. చంచల, చపల లక్ష్మికీ మెరుపుకీ చెల్లిన పేర్లే కానీ నిలకడ లేనిదన్న అర్థం పోదు.

రేణుక, అహల్య లాంటి పేర్లను కథలోని కష్టం చూసి వద్దనేవాళ్లున్నారు. సీత పేరుకూ అదే మాట అంటారు. రేణుకా ఎల్లమ్మను కొలిచే ఇళ్లలో ఆ పేరే మొక్కు. ఇది భాష తేల్చే విషయం కాదు, ఇంట్లో తేల్చుకోవాలి. మంథర, పూతన, తాటక మాత్రం ఎంత వినసొంపుగా ఉన్నా ఎవరూ పెట్టరు.

తర్వాత పిలిచి చూడండి. వాకిట్లో నిలబడి పదిసార్లు గట్టిగా. జ్యోత్స్నలో మూడు హల్లులు ఒక్కచోట గుమిగూడాయి, వారం తిరక్కుండా అది జోస్న అవుతుంది. ప్రజ్ఞ హిందీ ప్రాంతంలో ప్రగ్యా. రాతలో అలాగే ఉంచి పలుకులో మారినా పర్వాలేదనుకుంటే పెట్టండి. వినడానికి ఇబ్బందైతే ఇప్పుడే మానేయండి.

నక్షత్రం అక్షరం కావాలంటే

ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కొక్కదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. పాదం అంటే 3 డిగ్రీల 20 నిమిషాలు, చంద్రుడు దాన్ని దాటడానికి సుమారు ఆరు గంటలు. కాబట్టి పుట్టిన సమయంలో రెండు నిమిషాల తేడా పాదం మారే హద్దు దగ్గర తప్ప ఏమీ చేయదు. హద్దు దగ్గరైతే పంచాంగానికీ పంచాంగానికీ తేడా రావచ్చు, దృక్ గణితమా (ఆకాశంలో కనిపించే స్థానాలకు సరిపోయే లెక్క) పూర్వ పద్ధతా అని అడగండి.

అశ్వినికి చూ, చే, చో, లా. నాలుగో పాదంలో లలిత, లావణ్య, లాస్య వస్తాయి. భరణికి లీ, లూ, లే, లో, అందులో లీల, లేఖ. మఖకు మా, మీ, మూ, మే, దానికి మాళవిక, మేధ. చిత్తకు పే, పో, రా, రీ, అందులో రాధిక. అనూరాధకు నా, నీ, నూ, నే, నీరజ, నీహారిక సరిపోతాయి. శతభిషానికి గో, సా, సీ, సూ, సాధన, సీత. హ్రస్వదీర్ఘాల తేడాను ఎక్కువమంది పట్టించుకోరు, లా వచ్చినవాళ్లు లత అని పెట్టుకోవడం మామూలే.

చిక్కంతా ఆర్ద్ర, హస్తలతో. ఆర్ద్రకు కూ, ఘ, ఙ, ఛ. హస్తకు పూ, ష, ణ, ఠ. ఙ, ణ, ఠలతో పేరు మొదలుపెట్టలేం. ఇలాంటప్పుడు అదే నక్షత్రంలోని వేరే పాదం అక్షరం తీసుకుంటారు. హస్తకు పూజిత, ఆర్ద్రకు ఛాయ అలా వస్తాయి. లేదా సంకల్పానికి ఒక జన్మనామం ఉంచి, కాగితాలకు నచ్చిన పేరు పెడతారు. రెండో దారే హాయి. బారసాలనాడు బియ్యంలో రాసే పేరూ సర్టిఫికెట్‌లో ఎక్కే పేరూ ఒకటే కావాలని ఎక్కడా లేదు.

ఇంగ్లీషు రాత, ఆఫీసు కాగితం

తెలుగువాళ్లం 'త'కు టి, హెచ్ రెండూ వేస్తాం, ఉత్తరాదివాళ్లు ఒక్క టి వేస్తారు. మన లత, గీత, సుజాతలను అమెరికాలో 'థ'కు దగ్గరగా పలుకుతారు. ఒక్క టి వేస్తే 'ట'కు దగ్గరగా. రెండూ తప్పే, కాబట్టి ఇంట్లో మిగతావాళ్ల కాగితాల్లో ఏ అలవాటుందో అదే పెట్టండి. పిల్లలిద్దరికీ రెండు పద్ధతులు వాడొద్దు. కళకు, కలకు ఇంగ్లీషులో తేడా చూపలేం. ఆ తేడా ముఖ్యమైతే కళాధరి వంటి పొడుగు పేరో, వేరే పేరో చూసుకోవాలి. సంఖ్యాశాస్త్రం కోసం చివర ఇంకో 'ఎ' చేర్చేవాళ్లు ఆ పని నమోదుకు ముందే చేయాలి. తర్వాత చేర్చిన అక్షరం ప్రతి కౌంటర్ దగ్గరా ప్రశ్న అవుతుంది.

జననం 21 రోజుల్లోపు నమోదు కావాలి. ఆస్పత్రిలో పుడితే ఆ సమాచారం పంపే బాధ్యత ఆస్పత్రిదే. పేరు ఇంకా తేలకపోతే హడావిడిగా ఏదో ఒకటి చెప్పకండి. పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు. నమోదైన 12 నెలల్లోపు పేరు చేర్చడానికి రుసుము ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. అయినా ఏడాది దాటనివ్వొద్దు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రమే ప్రధానం కాబట్టి స్కూలు, పాస్‌పోర్టు అన్నీ దాన్నే అడుగుతాయి.

దరఖాస్తులో పేరును తెలుగులో, ఇంగ్లీషులో మీరే పెద్దక్షరాలతో రాసివ్వండి, నోటితో చెప్పి రాకండి. ఇంగ్లీషు పేరు టైపు చేయగానే కంప్యూటర్ తెలుగు గడిని తనంతట తానే నింపుతుంది. శ్రావ్య స్రవ్య అయ్యేది, లాస్య లస్య అయ్యేది అక్కడే. ఆధార్ నమోదులోనూ ఇంతే. రసీదు మీద సంతకం పెట్టే ముందు తెలుగు గడి చదివి, తప్పుంటే ఆపరేటర్ చేత అప్పుడే దిద్దించండి. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లకే అనుమతి ఉంది, చిన్న ఒత్తు కోసం అందులో ఒకటి ఖర్చుపెట్టుకోవడం ఎందుకు? సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇంగ్లీషు, తెలుగు రెండూ వేలు పెట్టి అక్షరం అక్షరం చదవండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా అప్పుడే చూడండి. తేడా ఉంటే ఆస్పత్రి ఇచ్చిన కాగితం, మీరు రాసిచ్చిన దరఖాస్తు నకలు పట్టుకుని వెంటనే అదే కార్యాలయానికి వెళ్లండి. నకలు తీసుకోనివాళ్లకు అది తమ తప్పు కాదని చూపించడానికి ఏమీ ఉండదు.